అడవి పసుపుకు దోమతెర

ముందే చెప్పేస్తున్నాను. ఇది నేను ఒక అరుదైన పూలమొక్కను కాపాడిన కథ కాదు. ఒక అరుదైన పూలమొక్క నా బారి నుంచి తనను తాను కాపాడుకున్న కథ. మధ్యలో ఒక డాక్టరుగారు హడలిపోయారు. చివర్లో మా కరీంనగర్ చర్చి నిండా జనం చూస్తుండగా, నాలుగు పేజీల ప్రసంగం చేతిలో పట్టుకున్న ఒక వృక్షశాస్త్ర పట్టభద్రురాలు ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక పూలకుండీ వెనక దాచుకుంది. ఆ పట్టభద్రురాలిని నేనే. నా డిగ్రీ సర్టిఫికెట్ ఇప్పటికీ హాల్లో గోడకు వేలాడుతోంది. ఆ రోజు నుంచి కాస్త పక్కకు ఒరిగి వేలాడుతోంది.

పాప పుట్టిన ఐదో నెలలో, ఇచ్చోడ దగ్గర మా తల్లిగారింటి నుంచి అత్తగారింటికి బయల్దేరే రోజున మొదలైంది ఇదంతా. పొద్దున్నే బాపు చెలక నుంచి వచ్చాడు. చేతిలో తడి తువ్వాల మూట. ఏనాడూ దేన్నీ అంత జాగ్రత్తగా పట్టుకోని మనిషి, ఆ మూటను మాత్రం మా పాప గ్రేసీని ఎత్తుకున్నట్టే రెండు చేతుల్లో ఎత్తుకొచ్చాడు.

"ఏంది బాపూ అది?"

"అడవి పసుపు దుంప బిడ్డా. వానలు పడంగనే ఆకేస్తది. ఆకుల నడిమిల పువ్వు లేస్తది. పైన గులాబి రంగు, కింద చిన్న చిన్న పసుపు పూలు. నా చిన్నప్పుడు గుట్ట పొడుగునా ఉండె. గిప్పుడు మన చెలక గట్టు మీద గీ ఒక్క కుదురే మిగిలింది. రోడ్డు పెద్దగ జేస్తున్నరు, గట్టు పోతది."

"ఇంకో గట్టు మీద పెట్టరాదు?"

"రెండు మాట్ల పెట్టిన. రెండు మాట్లా పందులు తవ్వుకోని తిన్నయి. గిదే ఆఖరుది. నువ్వు సదువుకున్నదానివి, నీ కాడ బతుకుతది. పూసినప్పుడు పిలువు, వచ్చి చూస్త. పిలకలు వేస్తే రెండు తెచ్చుకోని మళ్ల మన చెలకల పెట్టుకుందం."

నేను ఆ పువ్వును ఎన్నడూ చూడలేదు. అది పూసే వానాకాలాలన్నీ నేను హాస్టల్లో గడిపాను, పుస్తకాల్లో పూల బొమ్మలకు పేర్లు రాస్తూ. అయినా గంభీరంగా తల ఊపాను. "ఫికర్ జెయ్యకు బాపూ. కంటికి రెప్పలెక్క చూసుకుంట."

నేను ఎవరినైనా కంటికి రెప్పలా చూసుకోవడం మొదలుపెడితే ఏమవుతుందో అప్పటికి గ్రేసీకి తెలుసు, పాపం మాటలు రాక చెప్పలేకపోయింది. పాప తుమ్మితే నాకు భయం. ఒక రోజంతా తుమ్మకపోతే ముక్కు పనిచేయడం లేదేమోనని భయం.

అదే సంచిలో అవ్వ ఇంకో దుంప పెట్టింది. "ఇగో, పచ్చి పసుపు కొమ్ము. పాప నలుగుల నూరి పెట్టు, ఒళ్లు మెరుస్తది." గమనించండి. ఒక సంచి, రెండు దుంపలు, ఒక చదువుకున్న పిల్ల. ఇంతకంటే ప్రమాదకరమైన సామాను ఆ బస్సులో ఇంకేదీ ప్రయాణించి ఉండదు.

కరీంనగర్ చేరేసరికి తువ్వాల మూట ఊడిపోయింది. సంచిలో మక్క గారెలు, సకినాలు, రెండు దుంపలు, అన్నీ బురదలో పొర్లి అన్నదమ్ముల్లా ఉన్నాయి. మట్టిలో క్రిములుంటాయి కదా. ఇంట్లో పసిపాప ఉంది కదా. దుంపలు రెండింటినీ మూడుసార్లు కడిగి, పాల సీసాలు ఆరబెట్టే పళ్లెంలో సీసాల పక్కనే ఆరబెట్టాను. సీసాలతో పాటు వాటినీ మరిగించలేదు. ఈ కథ మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆరాక చూద్దును కదా, ఏది ఏదో తెలియలేదు.

ఒకటి బొద్దుగా, బంగారు చాయలో, గ్రేసీ బొటనవేలిలా ముద్దుగా ఉంది. రెండోది నల్లగా, గడ్డం పెంచుకుని, కింద పూసల్లాంటివి వేలాడేసుకుని, ముసలి కోడి కాలులా ఉంది. బాపుకు ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారు మీరు. డిగ్రీ చదివిన కూతురు పసుపు కొమ్మును గుర్తుపట్టలేకపోయిందని ఇచ్చోడ సంత మొత్తం చెప్పుకోవాలనా? ఫోన్ చేయలేదు. శాస్త్రీయంగా ఆలోచించాను. అరుదైనది, అడవి బిడ్డ, గులాబీ రంగు పూలు పూసేది, ఇంత అందంగా కాక ఇంకెట్లా ఉంటుంది? బొద్దుగా ఉన్నదాన్ని కొత్త మట్టికుండీలో నాటాను. కోడి కాలును తీసుకెళ్లి అత్తమ్మ చేతిలో పెట్టాను.

"మా అవ్వ పంపింది అత్తమ్మా, పాప నలుగుకు."

కాసేపటికి వెనక నుంచి అత్తమ్మ గొంతు. "సునీతా, గిదేం పసుపే? కొస ఇరిచి నూరితే రంగే వస్తలేదు. లోపటంత తెల్లగున్నది."

"పాతదేమో అత్తమ్మా."

"పాతది గాదు, మురిగింది. మీ అవ్వకు కండ్లు కనవడ్తలేవా ఏంది?"

బోళ్లు తోమే బండ వెనక, నీళ్ల డ్రమ్ముకూ ప్రహరీ గోడకూ మధ్య ఒక ఇరుకు మూల ఉంది. దోమలుంటాయని, పాములుండొచ్చని నేను అటు తొంగి కూడా చూడను. ఆ మూలలో ఏదో టప్‌మని పడిన చప్పుడైంది. ఆ చప్పుడుకు పాప ఉలిక్కిపడిందని నేను విసుక్కున్నాను కూడా. మా బాపు ఆఖరి దుంప ఇంటి వెనకకు ఎగిరిపోతుంటే నేను విసుక్కున్నది చప్పుడు గురించి.

ఇక కుండీ సేవ మొదలైంది. గ్రేసీ దోమతెరలు రెండుంటే చిన్నదాన్ని కుండీ మీద కప్పాను. మధ్యాహ్నం ఎండకు గొడుగు. వాన జోరుగా పడితే లోపలికి, చినుకైతే బయటికి. మాది చర్చికి వెళ్లే ఇల్లు, దిష్టి మీద నమ్మకం లేదు. అందుకని కుండీకి నల్ల చుక్క చిన్నదే పెట్టాను. ఎవరైనా కుండీ దగ్గర గట్టిగా మాట్లాడితే "ష్" అనేదాన్ని.

"పాప లోపట పండుకున్నది గద, ఇక్కడ ష్ ఎందుకు?" అని మా ఆయన ప్రభాకర్ ఒకసారి అడిగాడు.

"ఇప్పుడిప్పుడే మొలకొస్తుంది."

"మొలకకు చెవులుంటయా?"

"బి.ఎస్సీ. చదివింది నువ్వా, నేనా?"

మొలక వచ్చింది. ఆకులు వచ్చాయి. పాప పాలు, నిద్ర, కుండీ నీళ్లు, ఎరువు, అన్నీ ఒకే నోటుపుస్తకంలో గంటల ప్రకారం రాసేదాన్ని. టీకాకు వెళ్లినప్పుడు ఆ పుస్తకాన్ని గర్వంగా పిల్లల డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన చదవడం మొదలుపెట్టారు.

"ఆరు గంటలకు పాలు. మంచిది. ఎనిమిదికి నిద్ర. మంచిది. తొమ్మిదికి..." ఆగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "తొమ్మిదికి పేడనీళ్లు రెండు గ్లాసులా?"

"పలచగనే కలిపినండి."

"ఎవరు చెప్పిండ్రమ్మా మీకు?"

"మా బాపు. బలమొస్తదని."

డాక్టరుగారు పాప వైపు చూశారు. పాప నవ్వింది. ఆయన నవ్వలేదు. కింది గీత చదివారు. "శనివారం వేపపిండి. ఆకు కొస పసుపుపచ్చగా ఉంది, కత్తిరించాను." కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డారు. "ఏం కత్తిరించిండ్రు?"

మా ఆయన చేతులు జోడించాడు. "సార్, సార్! అది మొక్క ముచ్చట సార్. మాకు ఇంకోటి ఉన్నది, కుండీల ఉంటది."

డాక్టరుగారు చాలాసేపు మా ముగ్గురినీ చూసి, పాపకు టీకా వేసి, చీటీ మీద మందు పేరు రాయాల్సిన చోట "తల్లికి నిద్ర" అని రాసిచ్చారు.

నిద్ర ఎక్కడిది? ఇంతలో కుండీలో ఆకుల మధ్య నుంచి ఒక కంకి లేచింది. బాపుకు ఫోన్ చేశాను. "మొగ్గేసింది బాపూ!"

"ఔనా బిడ్డా! రంగెట్లున్నది?"

రంగు తెల్లగా, అక్కడక్కడ లేత ఆకుపచ్చగా ఉంది. "గులాబి... వస్తుంది. లోపటున్నది, ఇంకా బయటికి రాలే."

"ఫోటో పెట్టు, చూస్త."

"ఫోటో వద్దు బాపూ. వచ్చి నీ కండ్లతోనే చూడు."

ఆ వారంలోనే ఇంకో చిన్న సంగతి జరిగింది. భోజనాల బల్ల మీద స్టీలు గ్లాసులో ఒక పువ్వు కనిపించింది. నిగనిగలాడే గులాబీ రంగు రేకులు, మైనం పూసినట్టు నున్నగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. నిర్మల్ నుంచి ఎవరో తెచ్చిన చెక్క పువ్వనుకున్నాను. అంత ముచ్చటైన రంగు నిర్మల్ బొమ్మలకే ఉంటుంది. గ్లాసులో నీళ్లు చూసి నవ్వొచ్చింది.

"అత్తమ్మా, చెక్క పువ్వుకు నీళ్లు పోసిండ్రేంది? రంగు పోతది."

అత్తమ్మ పువ్వు వైపొకసారి, నా వైపొకసారి చూసింది. "డాక్టరు చెప్పిండు గద బిడ్డా," అంది మెల్లగా, "జర పండుకో."

వానలు తగ్గేవేళకు మా చర్చిలో కోత పండుగ వస్తుంది. ఎవరి చెలకలో మొదట పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. మక్క కంకులు, పెసలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు. ఊళ్ల నుంచి రైతులందరూ వస్తారు. నేను పాస్టరు అయ్యగారిని కలిసి, ఈసారి ఒక అరుదైన పుష్పాన్ని తెస్తున్నాననీ, రెండు ముక్కలు మాట్లాడతాననీ చెప్పాను. ఆ రెండు ముక్కలు నాలుగు పేజీలయ్యాయి. బాపును ఇచ్చోడ నుంచి రమ్మన్నాను. పండుగయ్యాక పదిమందిని ఇంటికి భోజనానికి పిలిచాను. పదిమంది వస్తుంటే ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా.

"గ్రేసీ డాడీ, డ్రమ్ము వెనక గడ్డి మోకాళ్ల దాక పెరిగింది. పాములొస్తయి. అంతా మొదలంట కోసి, మీద వేడినీళ్లు పొయ్యి."

"సరే."

మర్నాడు అడిగాను. "కోసినవా?"

"కోసిన."

"వేడినీళ్లు?"

"పోసిన, పోసిన." పేపరు వెనక నుంచే జవాబు.

పండుగ రోజు పట్టుచీర కట్టుకుని, అల్లిక పని చేసిన తెల్ల గుడ్డ కప్పిన కుండీని ఎత్తుకుని చర్చిలోకి నడిచాను. పాప మా ఆయన చేతుల్లో ఉంది. ఎవరు ఎవరి బిడ్డో చూసేవాళ్లకు అనుమానం వచ్చి ఉంటుంది. కుండీని గుమ్మడికాయల మధ్య పెట్టి, గుడ్డ తీసి, మైకు ముందు నిలబడ్డాను. బాపు బస్సు ఇంకా రాలేదు.

"ప్రియమైన సంఘమా," అని మొదలుపెట్టాను, "మీరు ఇంతవరకు మీ జీవితంలో చూడని ఒక పుష్పం..."

ముందు వరుసలో రూతమ్మ పెద్దమ్మ కూర్చుంది. ఏడు పదులు దాటిన మనిషి. ఊళ్లో సొంత చెలక ఉంది. ముందుకు వంగింది. కళ్లు చికిలించింది.

"బిడ్డా, గిది పసుపు గాదూ?"

"అడవి పసుపు పెద్దమ్మా. పసుపుకు మేనత్త వరస. చాలా అరుదు." మళ్లీ కాగితం చూశాను. "అంతరించిపోతున్న ఈ పుష్పం..."

"మేనత్త గాదు, పసుపే. ఓ సువార్తమ్మా, జర చూడు."

పక్కనున్న సువార్తమ్మ లేచొచ్చి ఒక ఆకు చిదిమి వాసన చూసింది. దోమతెర కింద పెంచిన నా ఆకు! "పసుపే," అంది. "మంచి రకం. మా చెలకల గిసుంటియి తొక్కుకుంట తిరుగుతం."

"మా ఇంటెనుక గుడ్క ఉన్నది," అంది ఇంకొకామె. "నాకూ," "మాకూ," అని చర్చి సగం సాక్ష్యం చెప్పింది. పసుపు పండించే ఊళ్ల వాళ్ల ముందు పసుపు మొక్కను పెట్టి, ఇది మీరెప్పుడూ చూడలేదని మైకులో చెప్పిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? వాళ్లు చూశారు.

"మా బాపు వస్తున్నడు," అన్నాను, తలుపు వైపు చూస్తూ. "ఆయన చెప్తడు."

బాపు వచ్చాడు. చేతిసంచితో, బస్సు దుమ్ముతో, పండుగకని ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కాతో నేరుగా కుండీ దగ్గరికి నడిచాడు. చర్చి మొత్తం ఊపిరి బిగపట్టింది, ఒక కోడిపుంజు తప్ప. బాపు వంగి చూశాడు. కంకిని వేలితో ముట్టుకున్నాడు. నవ్వబోయిన ముఖం అట్లాగే ఆగిపోయింది.

"గిది మనింటి పసుపే గద బిడ్డా," అన్నాడు చిన్నగా. "మీ అవ్వ నలుగుకిచ్చింది."

అప్పుడు దాచుకున్నాను ముఖం, కుండీ వెనక. నవ్వుల చప్పుడు వినిపించింది. కానీ ఆకుల సందుల్లోంచి బాపు కనిపించాడు. నవ్వలేదు. నన్ను తిట్టనూలేదు. "మరి అది యాడున్నది?" అని మాత్రం అడిగాడు. రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి, తువ్వాల మూట ఇంకా మోస్తున్నట్టు.

కోడి కాలు. మురిగింది. టప్‌మన్న చప్పుడు. డ్రమ్ము వెనక. మొదలంట కోసి మీద వేడినీళ్లు.

"అయ్యో బాపూ!" అని ఏడుపు మొదలుపెట్టాను. మైకు ఆపలేదని తరువాత చెప్పారు.

ఆటోలో ఆరుగురం కుక్కుకున్నాం. నేను, బాపు, అత్తమ్మ, మా ఆయన, గ్రేసీ, ఎవరూ పిలవకుండానే ఎక్కిన రూతమ్మ పెద్దమ్మ. నేను దారి పొడుగునా ఏడుస్తున్నాను. "అత్తమ్మ ఇసిరేస్తే నేను చూడలే. అదెట్లనో బతికి మొలిచినా, దాన్ని నేనే కోయించిన. వేడినీళ్లు పోయించిన. ఆఖరుది బాపూ, ఆఖరుది!"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"సునీ... ఒక మాట చెప్త. తిట్టద్దు."

"ఏంది?"

"నేను కొయ్యలే."

"ఏం కొయ్యలే?"

"గడ్డి. ఆ దినం మ్యాచ్ ఉండె. కోసిన అన్న గని, కొయ్యలే. నీళ్లు గుడ్క పొయ్యలే."

పెళ్లయ్యాక మా ఆయన నాతో చెప్పిన అబద్ధాలన్నీ నేను పట్టుకుని నిలదీశాను. ఈ ఒక్కటి పట్టుకోలేదు. చుట్టూ పెద్దవాళ్లున్నారని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకుని "దేవునికి స్తోత్రం" అన్నాను. రూతమ్మ పెద్దమ్మ "ఆమెన్" అంది.

పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పాములు గుర్తు రాకుండా, నేనే ముందు డ్రమ్ము వెనకకు దూరాను. మోకాళ్ల ఎత్తు గడ్డి మధ్య, వెడల్పాటి ఆకుల నడుమ, నాలుగు పూలు. నాలుగింటికీ పైన గులాబీ రంగు, కింద చిన్న చిన్న పసుపు పూలు. గొడుగు లేదు, తెర లేదు, నల్ల చుక్క లేదు. అచ్చం నిర్మల్ బొమ్మల్లా... నేను ఆగిపోయాను. మెల్లగా తిరిగి అత్తమ్మను చూశాను.

"అత్తమ్మా... బల్ల మీద ఆ చెక్క పువ్వు..."

"చెక్కది గాదు బిడ్డా. గీడిదే. ముచ్చటగున్నదని కోసుకొచ్చి పెట్టిన. నెల సంది పూస్తున్నది. బియ్యం కడిగిన నీళ్లు దినాం దీని మొదట్లనే పోస్తున్న."

"నాకు చెప్పలేదేం?"

"ఎట్ల చెప్పాలె? నోరు తెరిస్తే 'ష్' అంటివి."

బాపు అప్పటికే గడ్డిలో చతికిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, బురద, ఏమీ పట్టలేదు. ఒక పువ్వు కింద అరచెయ్యి పెట్టి పైకెత్తి చూశాడు. "గిదే," అన్నాడు. "గిదే బిడ్డా. మా అవ్వ గిదే జడల పెట్టుకునేది." మట్టిని వేలితో కాస్త గీరి చూశాడు. "మూడు పిలకలున్నయి. ఆకులెండినంక ఒకటి ఈడనే ఉంచి రెండు తీస్కపోత. మనింటి వాకిట్ల పెట్టి సుట్టు కంచె గడుత. పందులెట్లొస్తయో చూస్త." ఆ తరువాత తలెత్తి మా అత్తమ్మకు రెండు చేతులూ జోడించాడు. "వదినా, మంచిగ సాదినవు."

డిగ్రీ సర్టిఫికెట్ ఒరిగింది ఆ క్షణానే అని నా నమ్మకం.

కుండీలో పసుపు ఏమైందంటారా? తవ్వితే గంపెడు వచ్చింది. పేడనీళ్లు, వేపపిండి, దోమతెర ఊరికే పోతాయా? ఇంట్లో ఏ కూర వండినా "సునీ, అరుదైన పుష్పం వేసినవా?" అని మా ఆయన అడగడం ఇప్పటికీ మానలేదు. డ్రమ్ము వెనక గడ్డి కోయమంటే మాత్రం, "ఏమో, అండ్ల ఏమేం అరుదైనయి ఉన్నయో" అని పేపరు తిప్పుతాడు.

కాబట్టి బలిపీఠం ముందున్న గుమ్మడికాయల సాక్షిగా, డాక్టరుగారి చీటీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దుంపనూ ముఖం చూసి నమ్మను. తెలియనిది తెలియదని బాపుకు ఫోన్ చేస్తాను. పాపకూ మొక్కకూ వేర్వేరు నోటుపుస్తకాలు పెడతాను. దేన్నైనా బతికించాలని నిజంగా మనసుపడితే, దాన్ని కంటికి రెప్పలా చూసుకోను. అత్తమ్మ చేతికిచ్చి, మురిగిందని చెబుతాను.